చెరిపించే ముందే తెచ్చుకోండి: కౌంటీ షెరీఫ్ ఆఫీసు నుంచి బుకింగ్ ఫోటో, అరెస్టు కాగితాలు

ఒక అక్కగారు అడిగిన ప్రశ్న ఇది: "మా తమ్ముడు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్నాడు. 2023లో తాగి కారు నడిపాడని అరెస్టు చేసి ఒక రాత్రి జైల్లో ఉంచారు. తర్వాత కేసు డిస్మిస్ అయింది. ఇప్పుడు పెళ్ళి కుదిరింది. హైదరాబాద్ వచ్చి వీసా స్టాంపింగ్ కూడా చేయించుకోవాలి. వాడి జైలు ఫోటో ఏదో వెబ్‌సైట్‌లో ఉంది, తీసేయడానికి డబ్బు అడుగుతున్నారు. ఆ ఫోటో, రికార్డులు షెరీఫ్ ఆఫీసు నుంచి ఎలా తెప్పించుకోవాలి? ఇండియా నుంచి నేను అడగొచ్చా? రికార్డు మొత్తం చెరిపించేస్తే సరిపోతుందా?"

అడగొచ్చండి. టెక్సస్‌లో ఈ రికార్డులు అడగడానికి అక్కడి నివాసి అయి ఉండక్కర్లేదు, ఎందుకు అడుగుతున్నావని ఆఫీసువాళ్ళు ప్రశ్నించకూడదు కూడా. అయినా మీ తమ్ముడి చేతే అడిగించండి. కారణం కింద చెబుతాను. ఇక చెరిపించడం గురించి: ఆగండి. కాగితాలన్నీ చేతికి వచ్చేదాకా ఆ మాట ఎత్తవద్దు. ఈ సమాధానమంతా చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్క ముక్క మీ తమ్ముడికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.

నేను డాలస్ ప్రాంతంలో క్రిమినల్ కేసులు చూసే లాయర్ల దగ్గర పదమూడేళ్ళుగా పారాలీగల్‌గా పనిచేస్తున్నాను. లాయర్ని కాను. కానీ ఈ కాగితాల కోసం కౌంటర్ల ముందు నిలబడటం, లెటర్లు రాయడం, వచ్చినవాటిలో ఏది తక్కువైందో చూసి మళ్ళీ రాయడం నా రోజువారీ పని. మనవాళ్ళ కేసులు వచ్చినప్పుడల్లా చూస్తున్నది ఒకటే. అందరూ ఫోటో గురించి కుమిలిపోతారు, కాగితాలను పట్టించుకోరు. కాన్సులేట్‌లో ఆ ఫోటో ఎవరూ అడగరు. అడిగేది కోర్టు ఏం తేల్చిందన్న కాగితం.

మనవాళ్ళకు ముందు అర్థం కావలసింది, అన్ని కాగితాలూ ఒకే చోట ఉండవని. మన దగ్గర పోలీస్ స్టేషన్ అంటే అక్కడే ఎఫ్‌ఐఆర్, అక్కడే లాకప్. అమెరికాలో అలా కాదు. రోడ్డు మీద ఆపి అరెస్టు చేసింది సాధారణంగా సిటీ పోలీసులు. అరెస్టు రిపోర్టు, ఆఫీసరు ఒంటిమీద కెమెరా తీసిన వీడియో, కారు కెమెరా వీడియో వాళ్ళ దగ్గరే ఉంటాయి. జైలు నడిపేది కౌంటీ షెరీఫ్, అంటే మన జిల్లా లాంటి కౌంటీకి ఉండే పోలీసు అధికారి. వేలిముద్రలు, బుకింగ్ ఫోటో (జైల్లో చేర్చుకునేటప్పుడు తీసేది), బుకింగ్ షీట్, ఎప్పుడు లోపలికి తీసుకున్నారు, ఎంత బాండు (బెయిలు పూచీ) మీద ఎప్పుడు వదిలారు అన్నవి షెరీఫ్ దగ్గర. కేసు కాగితాలు కోర్టు క్లర్క్ దగ్గర. టెక్సస్‌లో మొదటిసారి తాగి నడిపిన కేసు మామూలుగా క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల కోవ, కాబట్టి కౌంటీ క్లర్క్ దగ్గరికి వెళ్ళాలి. ఫెలొనీ, అంటే పెద్ద నేరం, అయితే డిస్ట్రిక్ట్ క్లర్క్. షెరీఫ్‌కి ఎంత చక్కటి లెటరు రాసినా కోర్టు ఆర్డరు రాదు, వాళ్ళ దగ్గర ఉంటే కదా!

ఫ్రిస్కో అన్నారు కాబట్టి ఇంకో చిక్కు. ఆ ఊరు సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. ఇంటి అడ్రసు ఏ కౌంటీలో ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, కారు ఆపిన చోటు ఎటు వచ్చిందన్నదే లెక్క. కాలిన్ అయితే జైలు మెకిన్నీలో, డెంటన్ అయితే డెంటన్ ఊళ్ళోనే. ఇర్వింగ్‌లో జరిగి ఉంటే డాలస్ కౌంటీ. కొన్ని సిటీలకు సొంత లాకప్ ఉంటుంది. ముందు అక్కడ ఉంచి, తర్వాత కౌంటీ జైలుకు మార్చి ఉంటే రెండు చోట్లా బుకింగ్ అయి ఉంటుంది, రెండు ఫోటోలు ఉండొచ్చు. ఆ రాత్రి ఎక్కడెక్కడ తిప్పారో మీ తమ్ముణ్ణి నెమ్మదిగా అడగండి. చాలామందికి ఆ రాత్రి సరిగ్గా గుర్తుండదు, గుర్తుచేసుకోవడం ఇష్టం కూడా ఉండదు. బాండు కాగితం దాచుకుని ఉంటే దాని మీద కౌంటీ పేరు, బుకింగ్ నంబరు రెండూ ఉంటాయి.

బుకింగ్ షీట్ ఎలా ఉంటుందో చెబుతాను, చేతికి వచ్చినప్పుడు కంగారు పడకుండా ఉంటారు. పైన ఒక మూల ఫోటో. వెనకాల బూడిదరంగు గోడ, నిద్రలేని మొహం, చెదిరిన జుట్టు. పక్కన బుకింగ్ నంబరు, ఆ మనిషికి షెరీఫ్ ఆఫీసు ఇచ్చే శాశ్వత నంబరు. ఎత్తు, బరువు, జుట్టు రంగు, కళ్ళ రంగు. తర్వాత అరెస్టు చేసిన ఏజెన్సీ, ఆరోపణ, దాని కోడ్, బాండు మొత్తం. టెక్సస్‌లో ట్రాకింగ్ ఇన్సిడెంట్ నంబరు అని ఒకటి ఉంటుంది, దాన్ని ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి పెట్టుకోండి. రాష్ట్ర స్థాయి రికార్డులో అరెస్టుకీ కోర్టు తీర్పుకీ ముడి వేసేది ఆ నంబరే. చివర ఆస్తుల జాబితా ఉంటుంది, అంటే లోపలికి తీసుకునేటప్పుడు ఒంటి మీద నుంచి తీసిన వస్తువులు. ఒక కుర్రాడి షీట్‌లో పర్సు, ఫోను, బెల్టు తర్వాత ఆఖరి వరసలో "ఎర్ర దారం, ఒకటి" అని రాసి ఉంది. అమెరికా బయల్దేరే రోజు వాళ్ళమ్మ చేతికి కట్టిన తాడు అది. ఆ కాగితం అతని చేతికి ఇచ్చినప్పుడు ఫోటో వైపు చూడలేదు, ఆ వరస దగ్గరే వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు.

ఇప్పుడు పేరు సంగతి. మన పేర్లతో ఇక్కడ సగం వెతుకులాట తప్పిపోతుంది. డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్న వరసలో జైలువాళ్ళు ఎక్కిస్తారు. ఇంటిపేరు ముందు వచ్చిందా వెనక వచ్చిందా, మూడు ముక్కల పేరులో మధ్య ముక్క పోయిందా, పొడుగు పేరు చివరి అక్షరాలు తెగిపోయాయా, అన్నీ చూడాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకు అమెరికన్ రికార్డుల్లో మొదటి పేరు చోట "ఎఫ్ఎన్‌యూ" అని, అంటే మొదటి పేరు తెలియదని, పడుతుంది. వెంకట సాయి కృష్ణ అనే పేరును నేను ఒకే కౌంటీలో మూడు రకాలుగా చూశాను. అందుకే లెటర్లో అన్ని రూపాలూ రాయండి, పుట్టినతేదీ తప్పకుండా ఇవ్వండి. తేదీని అంకెల్లో రాయొద్దు, నెలను అక్షరాల్లో రాయండి. మనం జూలై 5ని 05/07 అని రాస్తాం, అమెరికాలో అది మే 7 అవుతుంది. రెడ్డి, రావు, కుమార్ అన్న చివరిపేర్లతో ఆ ప్రాంతంలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. పుట్టినతేదీ కలవని ఫోటో వస్తే అది మీ తమ్ముడిది అనుకోవద్దు, ఇంకెవరికీ పంపొద్దు.

లెటరుకి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. కౌంటీ వెబ్‌సైట్‌లో ఓపెన్ రికార్డ్స్ అన్న పేజీ ఉంటుంది, అక్కడ ఫారమో ఈమెయిలో ఇస్తారు. ఆ ప్రకటించిన చిరునామాకే పంపాలి. తెలిసిన డిప్యూటీ ఈమెయిల్‌కి పంపితే గడువు లెక్క మొదలవదు. పోస్టులో పంపొచ్చు, స్వయంగా ఇవ్వొచ్చు. ఫోన్లో అడిగితే లెక్కలోకి రాదు. విషయం ఇలా ఉంటే చాలు: "టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్, గవర్నమెంట్ కోడ్ 552వ అధ్యాయం కింద ఈ కింది రికార్డులు కోరుతున్నాను. ఫలానా పేరు, ఫలానా పుట్టినతేదీ గల వ్యక్తికి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ మధ్య మీ జైల్లో జరిగిన బుకింగ్‌కి సంబంధించి బుకింగ్ షీట్, బుకింగ్ ఫోటో, బాండు కాగితాలు, విడుదల కాగితం, ఆస్తుల జాబితా. ఆ వ్యక్తిని నేనే. 552.023 సెక్షన్ కింద నాకున్న ప్రత్యేక హక్కును కూడా వాడుకుంటున్నాను. ఐడీ కాపీ జతచేశాను. ఖర్చు 40 డాలర్లు దాటేట్టయితే ముందు చెప్పండి." ఇంతే.

మీ తమ్ముడి చేతే అడిగించమన్నది ఈ 552.023 కోసమే. ఎవరో బయటివాళ్ళు అడిగితే ప్రైవసీ పేరుతో కొన్ని వివరాలు నల్లగా కొట్టేస్తారు. తన గురించిన సమాచారం తానే అడిగితే, తన ప్రైవసీని కాపాడటానికే దాచి ఉంచిన వివరాలను తనకు లేవనడం కుదరదు. మీరే అడగాలంటే అతను సంతకం చేసిన అనుమతి పత్రం జతచేయండి. జైలు డాక్టరు చూసిన కాగితాలు దీనిలోకి రావు, వాటికి విడిగా మెడికల్ అనుమతి కావాలి.

"నా మీద ఉన్న రికార్డులన్నీ ఇవ్వండి" అని మాత్రం రాయొద్దు. అలా రాస్తే ఏం కావాలో స్పష్టం చేయమని తిరిగి ఉత్తరం వస్తుంది, మీరు జవాబిచ్చేదాకా గడువు ఆగిపోతుంది. ఒక్కో కాగితాన్నీ పేరు పెట్టి అడగండి. పోలీసు వీడియో కావాలంటే సిటీ పోలీసులకు విడిగా రాయాలి. టెక్సస్‌లో బాడీ కెమెరా వీడియోకి మూడు వివరాలు తప్పనిసరి: తేదీతో పాటు సుమారు టైము, జరిగిన చోటు, అందులో కనిపించే ఒక్కరి పేరైనా.

గడువు గురించి అందరూ తప్పుగా చెప్పుకుంటారు. టెక్సస్‌లో పది పనిదినాలు అనేది కాగితాలు మీ చేతికి వచ్చే గడువు కాదు. చట్టం చెప్పేది ఆలస్యం లేకుండా ఇమ్మని. పది పనిదినాల్లో ఇవ్వలేకపోతే ఎప్పుడిస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. ఏదైనా దాచుకోవాలనుకుంటే ఆ పది పనిదినాల్లోనే రాష్ట్ర అటార్నీ జనరల్‌ని నిర్ణయం అడగాలి. ఆ ఉత్తరం కాపీ మీకూ వస్తుంది. చాలామంది దాన్ని చూడగానే "అటార్నీ జనరల్ దాకా వెళ్ళింది, మళ్ళీ కేసు పెడుతున్నారు" అని టెన్షన్ పడి లాయర్‌కి ఫోన్ చేస్తారు. అది కేసు కాదు. ఈ కాగితం ఇవ్వాలా వద్దా అని పై ఆఫీసును అడగడం, అంతే. నిర్ణయానికి 45 పనిదినాల దాకా పడుతుంది. ఈలోపు మీ వాదన మీరూ రాసి పంపొచ్చు.

మీ తమ్ముడి విషయంలో ఆ ఉత్తరం వచ్చే అవకాశం ఎక్కువ, ముఖ్యంగా పోలీసు రిపోర్టుకి. విచారణ నడుస్తున్న కేసుల రికార్డులనూ, శిక్ష గానీ డిఫర్డ్ అడ్జుడికేషన్ (ప్రొబేషన్ పూర్తిచేస్తే కేసు కొట్టేసే పద్ధతి, కింద వివరిస్తాను) గానీ లేకుండా ముగిసిన కేసుల రికార్డులనూ ఆపుకునే వీలు 552.108 సెక్షన్ ఇస్తుంది. అంటే నిర్దోషిగా బయటపడ్డవాడికే తన రిపోర్టు దొరకడం కష్టం. వినడానికి అన్యాయంగా ఉంటుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. అయినా ప్రాథమిక సమాచారం ఇచ్చి తీరాలి: ఎవర్ని, ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆరోపణ మీద అరెస్టు చేశారు అన్నవి. రిపోర్టు మొత్తం కావాలంటే కేసు నడిచినప్పటి డిఫెన్స్ లాయర్ ఫైల్లో చూడండి. ప్రాసిక్యూటర్లు అప్పట్లోనే వాళ్ళకు చూపించి ఉంటారు.

ఖర్చు పెద్దది కాదు. మామూలు కాపీకి పేజీ పది సెంట్లు. 50 పేజీల లోపు అయితే సాధారణంగా మనిషి శ్రమకు వసూలు చేయకూడదు. మీకు కావలసినవి పది పదిహేను పేజీలు దాటవు.

ఇంకో పొరపాటు కూడా తరచుగా చూస్తాను. "ఎఫ్ఓఐఏ" (ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ యాక్ట్) ఫారం దింపుకుని కౌంటీకి పంపేస్తారు. ఆ చట్టం కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకే వర్తిస్తుంది. మన ఆర్టీఐ చట్టం ఒక్కటే కేంద్రానికీ రాష్ట్రాలకూ కలిపి పనిచేస్తుంది కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటాం. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం. ఇక కోర్టులకు టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ వర్తించదు, క్లర్క్ ఆఫీసుకు వాళ్ళ పద్ధతిలోనే అడగాలి.

అక్కడ అడగాల్సింది సర్టిఫైడ్ కాపీ. మామూలు ప్రింటు కాదు, వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్ అసలే కాదు. ఆరోపణ పత్రం, డిస్మిస్ చేయమని ప్రాసిక్యూటర్ వేసిన మోషన్, దాని మీద జడ్జి సంతకం పెట్టిన ఆర్డరు, ఈ మూడూ. క్లర్క్ సీలు వేసి ఇస్తారు. ఉబ్బెత్తు సీలైతే బొటనవేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. కనీసం మూడు సెట్లు తీసుకోండి. ఒకటి కాన్సులేట్‌కి, ఒకటి రేపు గ్రీన్‌కార్డుకి, ఒకటి ఇంట్లో బీరువాలో.

ఇప్పుడు చెరిపించవద్దని అంత గట్టిగా ఎందుకన్నానో చెబుతాను. నేను పనిలో చేరిన రెండో ఏడు వరంగల్ అబ్బాయి ఒకతను వచ్చాడు. షాపులో దొంగతనం ఆరోపణ, డిస్మిస్ అయింది. వేరే ఆఫీసు ద్వారా ఎక్స్‌పంక్షన్ ఆర్డరు తెచ్చుకున్నాడు. టెక్సస్‌లో ఎక్స్‌పంక్షన్ అంటే రికార్డులను నాశనం చేయడమో తిప్పి ఇచ్చేయడమో. రాష్ట్ర చట్టం ప్రకారం ఆ తర్వాత అరెస్టు జరగలేదని చెప్పుకునే హక్కు కూడా ఉంటుంది. అతను సంతోషంగా ఇండియా వెళ్ళాడు. ఇంటర్వ్యూలో ఆఫీసరు తెరమీద అరెస్టు చూసి తీర్పు కాగితం తెమ్మని పచ్చ కాగితం చేతిలో పెట్టారు. క్లర్క్‌ని అడిగితే అలాంటి కేసే లేదన్నారు. షెరీఫ్ ఆఫీసు అదే మాట, పోలీసులదీ అదే మాట. చట్టం వాళ్ళను అలా చెప్పమంటుంది మరి. తన నిర్దోషిత్వాన్ని చూపించే కాగితాన్ని తానే డబ్బు కట్టి నాశనం చేయించుకున్నాడు. పాత లాయరు గోడౌన్‌లోని ఒక పెట్టెలో సర్టిఫైడ్ కాపీ దొరికేదాకా నాలుగు నెలలు ఇంటి దగ్గరే ఉండిపోయాడు. ఆ నాలుగు నెలలు వాళ్ళ నాన్న రోజూ మా ఆఫీసు తెరిచే టైముకి ఫోన్ చేసేవారు.

అరెస్టు రోజు వేలిముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కడి నుంచి హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీకి వెళ్ళిపోతాయి. రాష్ట్రంలో చెరిగినంత మాత్రాన అక్కడ జ్ఞాపకం పోదు. వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా లేక శిక్ష పడిందా, క్షమాభిక్ష లాంటివి వచ్చినా సరే" అని అడుగుతారు. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఫారాల్లోనూ అరెస్టు ప్రశ్న ఉంటుంది. రాష్ట్ర చట్టం "లేదు" అనమన్నా ఇక్కడ "అవును" అనే రాయాలి. అరెస్టు కంటే అబద్ధమే వీసాకి పెద్ద దెబ్బ. కాబట్టి వరస ఇదీ: ముందు కాగితాలు, ఆ తర్వాత ఎక్స్‌పంక్షన్. ఎక్స్‌పంక్షన్ మంచిదే, ఉద్యోగాల బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో చాలా మేలు చేస్తుంది. ఎంతకాలం ఆగాలన్నది కేసు ఎలా డిస్మిస్ అయిందన్నదాన్ని బట్టి మారుతుంది, అది లాయరే చెప్పాలి. ఆ పిటిషన్‌లో రాయాల్సిన అరెస్టు తేదీ, ఏజెన్సీ, కేసు నంబరు వంటివన్నీ ఈ కాగితాల్లోనే దొరుకుతాయి.

డిస్మిస్ అయిందని మీరు అంటున్నారు, ఆర్డరు చేతికి వచ్చాక ఒకసారి సరిచూడండి. మనవాళ్ళు "డిఫర్డ్" ఇచ్చారంటే దాన్నీ డిస్మిస్ అనే చెబుతారు. డిఫర్డ్ అడ్జుడికేషన్‌లో నేరం ఒప్పుకునో, పోటీ చేయననో ప్లీ ఇచ్చి ప్రొబేషన్ పూర్తిచేశాక కేసు కొట్టేస్తారు. టెక్సస్ దృష్టిలో అది శిక్ష కాదు, ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో శిక్షే. ఆర్డరులో ఆ మాట ఉంటే టికెట్ బుక్ చేసే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాల్సిందే.

తాగి నడిపిన అరెస్టుకి ఇంకో సంగతి ఉంది. 2015 నుంచి స్టేట్ డిపార్ట్‌మెంట్ ఇలాంటి అరెస్టు తెలిసిన వెంటనే, తీర్పు కోసం ఆగకుండా, పాస్‌పోర్టులో ఉన్న వీసాని రద్దు చేసే పద్ధతి పెట్టుకుంది. ఈమెయిల్ వస్తుంది, అది స్పామ్‌లో కూడా పడి ఉండొచ్చు. అమెరికాలో ఉన్నంతవరకూ ఆ రద్దు వల్లనే స్టేటస్ పోదు, బయటికి వస్తే మాత్రం కొత్త వీసా లేకుండా తిరిగి వెళ్ళలేరు. మీ తమ్ముడి పాత మెయిల్స్ వెతకమనండి, ఎందుకంటే వీసా రద్దయిందా అన్నది కూడా ఫారంలో ఒక ప్రశ్న. నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూ అయ్యాక కాన్సులేట్ చెప్పిన డాక్టర్ల దగ్గర మెడికల్ పరీక్ష చేయించుకోమనడం ఇలాంటి కేసుల్లో మామూలే. పెళ్ళి ముహూర్తానికీ తిరుగు ప్రయాణానికీ మధ్య కొన్ని వారాలు ఖాళీ ఉంచుకోండి.

ఎఫ్‌బీఐ దగ్గర నుంచి తన సొంత రికార్డు కూడా తెప్పించుకోమనండి. వేలిముద్రలు, 18 డాలర్లు, అంతే. చాలా రికార్డుల్లో అరెస్టు వరస ఉంటుంది, డిస్మిస్ వరస ఉండదు. అలా వదిలేస్తే ఏమవుతుందో 2025 ఏప్రిల్‌లో చూశాం. నేరాల డేటాబేస్‌లో పేరు తగిలిందని వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే ప్రభుత్వం దగ్గర ఉండే విద్యార్థి స్టేటస్ రికార్డులు, రద్దు చేశారు. వాళ్ళలో కేసు డిస్మిస్ అయినవాళ్ళూ ఉన్నారు, అసలు కేసే పెట్టనివాళ్ళూ ఉన్నారు. కోర్టులు వరసగా ఆపాక ఏప్రిల్ 25న వాటిని తిరిగి ఇస్తున్నామని ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. ఆ మూడు వారాలు మన పిల్లలు ఎలా గడిపారో నాకు తెలుసు. ఎఫ్‌బీఐ రికార్డులో తీర్పు లేకపోతే మీ దగ్గరున్న సర్టిఫైడ్ ఆర్డరు, ట్రాకింగ్ నంబరు చూపించి రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ డిపార్ట్‌మెంట్ ద్వారా సరిచేయించొచ్చు.

వెబ్‌సైట్‌లో ఫోటో విషయం. డబ్బు కట్టొద్దండి. ఒక సైట్‌కి కడితే ఇంకో రెండు సైట్లలో తేలుతుంది. కాలిఫోర్నియాలో తీసేయడానికి డబ్బు తీసుకోవడమే చట్టవిరుద్ధం. 2018లో అలాంటి ఒక సైట్ వెనకున్న నలుగురి మీద ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ బలవంతపు వసూళ్ళ కేసు పెట్టారు. టెక్సస్‌లో కూడా ఎక్స్‌పంక్షన్ ఆర్డరు అందిన తర్వాత ఇలాంటి సైట్లు ఆ రికార్డు ప్రచురించకూడదు. డబ్బు అడిగిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. తొలగించడానికి డబ్బు అడిగే సైట్ల కోసం గూగుల్‌లో ప్రత్యేకంగా ఒక ఫారం ఉంది, దానికి ఆ స్క్రీన్‌షాటే ఆధారం. గూగుల్ వెతుకులాటలో పోతే చాలావరకు పోయినట్టే. షెరీఫ్ వెబ్‌సైట్‌లో ఉన్న ఫోటో అయితే విడుదలైన కొన్నాళ్ళకు చాలా చోట్ల దానంతటదే పోతుంది. కానీ అసలు రికార్డు లోపల ఉంటుంది, అడిగితే వస్తుంది.

పెళ్ళి అన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. పెళ్ళికూతురి తరఫువాళ్ళు ఈ రికార్డులు వెతికించడం ఇప్పుడు మామూలైంది. నాకే నెలకు రెండు మూడు ఫోన్లు వస్తాయి. కూతుర్ని అంత దూరం పంపేవాళ్ళు వాకబు చేసుకోవడం తప్పు కాదు. వాళ్ళకు నేను చెప్పేది, ఫోటో దొరికిన చోట ఆగిపోవద్దు, కోర్టు తీర్పు దాకా వెళ్ళి చూడండి అని. అరెస్టు ఆరోపణ మాత్రమే. ఆ ఫోటోని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం మాత్రం దయచేసి ఎవరూ చేయొద్దు. కోర్టు వదిలేసినవాణ్ణి ఊరు వదలకపోతే ఆ ఇంట్లో ముసలివాళ్ళు ఏమైపోతారో నేను చూశాను. మీ విషయంలో అయితే, వాళ్ళు వెతికి తెలుసుకునే ముందే మీ తమ్ముడే ఆ అమ్మాయితో కూర్చుని చెప్పడం మంచిది, డిస్మిస్ ఆర్డరు చేతిలో పెట్టుకుని.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు టెక్సస్ లెటర్‌నే కాపీ కొట్టొద్దు. జార్జియాలో మూడు పనిదినాల్లో స్పందించాలి, ఫోటోకి మాత్రం డబ్బు తీసుకుని తొలగించే సైట్లలో పెట్టనని రాసి ఇవ్వాలి. కాలిఫోర్నియాలో ఇస్తారా ఇవ్వరా అన్నది పది రోజుల్లో చెప్పాలి. ఇల్లినాయ్‌లో ఐదు పనిదినాలు. న్యూజెర్సీలో బుకింగ్ ఫోటోలు బయటివాళ్ళకు మామూలుగా ఇవ్వరు, ఎడిసన్‌లో ఉన్నవాళ్ళకు ఆ బెంగ తక్కువ. న్యూయార్క్ 2019లో చట్టం మార్చి ఫోటోల విడుదలను బాగా కట్టడి చేసింది. వర్జీనియాలో ఐదు పనిదినాలే గానీ ఆ రాష్ట్రంవాళ్ళకే అడిగే హక్కు. ఆ నిబంధన సరైనదేనని 2013లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి ఆష్‌బర్న్‌లో ఉన్న తమ్ముడి కోసం గుంటూరు నుంచి అక్క లెటరు రాస్తే వెనక్కి వస్తుంది, తమ్ముడే రాయాలి.

మీరు ఈ వారంలో చేయాల్సినవి రెండే. కారు ఆపిన చోటు కాలిన్ వైపా డెంటన్ వైపా తేల్చుకోండి. ఆ కౌంటీ క్లర్క్ దగ్గర మీ తమ్ముడి చేత సర్టిఫైడ్ డిస్మిస్ ఆర్డరు మూడు సెట్లు తెప్పించండి. షెరీఫ్‌కి లెటరు అదే రోజు పంపొచ్చు. ఆర్డరు వచ్చాక అందులో డిస్మిస్ కారణం దగ్గర ఏ గడికి టిక్ పెట్టి ఉందో చూసి నాకు రాయండి, ఎక్స్‌పంక్షన్‌కి లాయర్‌ని ఏమేం అడగాలో దాన్ని బట్టి చెబుతాను.